ముసురు సోమవారం

మే నెల ఆఖరి సోమవారం.
బ్యాంకులకి సెలవు.
మా ఇంటి మీది అప్పుకి మాత్రం లేదు,
వాన చప్పుడు కింద
అది చడీచప్పుడు లేకుండా పెరుగుతూనే ఉంది.

స్వాన్సీ కొండమీది మా వీధిలో
కురిసేది కుండపోత కాదు, జడివానా కాదు,
ముసురు.
వెళ్ళొస్తానని లేచి
గుమ్మం దగ్గర మళ్ళీ కబుర్లు మొదలెట్టే చుట్టం.
ఒక్క నిమిషం తెరిపిస్తుంది,
చెప్పులేసుకున్నామో లేదో
"అన్నట్టు..." అంటుంది.

గెథిన్ వారం ముందే కొని పెట్టాడు
ఇరవై నాలుగు సాసేజీలు, ఒక బొగ్గుల సంచి.
ఇప్పుడు పెరట్లో
ఎడమ చేతిలో గొడుగు, కుడి చేతిలో పటకారు,
మధ్యలో మనిషి కనబడనంత పొగ.
"ఎలా ఉంది?" అని సైగ చేశాడు.
కిటికీలోంచి బొటనవేలు ఎత్తి చూపించాను.
పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు.
కొన్ని అబద్ధాలు వానకి తడవవు.

పైన రీస్ ఇంకా దుప్పట్లోనే.
పన్నెండయింది లేరా అంటే
సెలవు రోజుకి పన్నెండు ఉండదట.

చిన్నది టెగన్ నేలమీద బోర్లా పడుకుని
వెయ్యి ముక్కల కోట పేరుస్తోంది.
బురుజులయ్యాయి, వంతెనయింది,
మిగిలిందంతా ఆకాశం, ఒకే నీలం.
"ఇంత నీలం ఎక్కడుంటుందమ్మా?"
"డబ్బా మీద" అన్నాను.

ఎదురింటి మిసెస్ ప్రోబర్ట్
ఆరేసిన దుప్పటిని మూడోసారి
లోపలికి మోసుకుపోతోంది.
ఆవిడకి ఆశ ఎక్కువ.
దుప్పటికి లేదు.

అప్పుడు చూసుకున్నాను, మామగారు ఇంట్లో లేరు.
టోపీ లేదు. ఫ్లాస్కు లేదు.
గుమ్మం ముందు, ఎర్ర కారులో,
ఎమ్లిన్ కూర్చుని ఉన్నారు.

చూపు తగ్గిందని కిందటి శీతాకాలం
లైసెన్సు తిరిగిచ్చేశారు.
కారు అమ్మనివ్వలేదు.
నలభై ఏళ్ళు, వాన పడిన ప్రతి సెలవుకీ
ఆయనా, మా అత్తగారూ
మంబుల్స్ ఒడ్డుకి వెళ్ళి
సముద్రానికెదురుగా కారు ఆపి
దిగేవాళ్ళు కాదు.
గుడ్డు శాండ్విచ్చులు, టీ,
ఒక పత్రిక, రెండు సగాలు చేసుకుని.
అద్దాలు ఆవిరి పట్టి సముద్రం మాయమయ్యాక
"బాగుంది కదూ" అనుకుని ఇంటికొచ్చేవాళ్ళు.
ఆవిడ పేరు హెయిల్వెన్.
మా వెల్ష్‌లో ఆ మాటకి ఎండ అని అర్థం.
ఆ పేరు మీద ఎవరైనా జోకు వేస్తే
జీవితాంతం ఒక్కసారీ నవ్వలేదు.

కోటు తలమీద కప్పుకుని పరుగెత్తాను.
ఆయన కూర్చున్నది ఆవిడ సీట్లో.
నాకు మిగిలింది స్టీరింగు.
"రండి లోపలికి" అనబోయాను.
"తలుపెయ్యమ్మా, జల్లు కొడుతోంది" అన్నారు.
వేశాను.
ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చారు,
చక్కెర రెండు చెంచాలు, ఆవిడకి కలిపే లెక్క.
నేను చక్కెర మానేసి ఆరేళ్ళు.
తాగాను.

కాసేపటికి వెనక తలుపు తెరుచుకుంది,
టెగన్, గుప్పిట్లో ఆకాశం ముక్కలతో.
తర్వాత గెథిన్, పళ్ళెం నిండా సాసేజీలు,
ఒంటి నిండా పొగ వాసన.
చివరికి దుప్పటితో సహా రీస్,
"ఎక్కడికెళ్తున్నాం?" అంటూ.
ఎవరూ చెప్పలేదు.
వాడూ మళ్ళీ అడగలేదు.

ఎక్కడికీ కదలని కారులో
ఐదుగురి ఊపిరి.
అద్దాలు తెల్లబడిపోయాయి.
"తుడుపు వెయ్యి" అన్నారు ఎమ్లిన్.
తాళం తిప్పాను.
రెండు చేతులూ మూలుగుతూ లేచి
ఒక అర్ధచంద్రం తుడిచాయి.
అందులో మిసెస్ ప్రోబర్ట్ గారి ఆకుపచ్చ చెత్తడబ్బా.

ఆయన కళ్ళు చికిలించి
చాలాసేపు చూశారు.
"ఇవాళ ఆటు మీదుంది.
నీళ్ళు బాగా వెనక్కి పోయాయి."

సాసేజీ పైన మాడింది, లోపల చల్లగా ఉంది.
పళ్ళెం రెండోసారి చుట్టూ తిరిగింది.